అయిపోయిందన్న మాట

మార్చి 4

అత్తా,

నీ కుడి చెవికీ ఎడమ చెవికీ వేరువేరుగా నమస్కారాలు. మొన్న ఫోనులో నేను "కొత్త ఇల్లు తీసుకున్నాను" అంటే నువ్వు "కొత్త పిల్ల ఎవరే?" అన్నావు. ఫోనులో సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను అని నువ్వే చెప్పావుగా. అందుకని ఇకమీదట ముఖ్యమైన సంగతులన్నీ ఉత్తరాల్లోనే. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది, కల్పించుకోవడానికి చోటుండదు.

ఇల్లు రెండు గదులది. రెండో గదికి తూర్పు కిటికీ ఉంది. పదకొండింటి దాకా లైటు వేసుకోకుండా సూదిలో దారం ఎక్కించవచ్చు. కిటికీ కింద నీ కుట్టు మిషను సరిగ్గా పడుతుంది, టేపు పెట్టి కొలిచాను. ఎందుకు కొలిచానని అడగకు. నాన్న ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉంటే నీ కోతబల్ల కింద గుండీలు ఏరుకుంటూ పెరిగినదాన్ని. ఇప్పుడు నా ఇంట్లో నీకో గది ఉంది. వచ్చెయ్. నీ కుట్టుకొట్టు అద్దె కాగితం ఏటా ఏప్రిల్లోనే కదా మార్చేది, ఈ ఏడు మార్చకు.

నా పని ఏమిటో మళ్ళీ అడిగావు. ఆస్పత్రుల్లో మందు ఎక్కించే పంపులు తయారుచేసే కంపెనీకి, ఆ పంపుని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తాను. నర్సు చదివి తప్పు నొక్కకూడదు. అందుకని మాకు ఒకటే నియమం: ఒక మాటకి ఒకటే అర్థం ఉండాలి. కానీ నేను ఆ కంపెనీ మనిషిని కాను. ఏజెన్సీ అని ఒకటుంది. పని కంపెనీది, కాగితం ఏజెన్సీది. ఆర్నెల్లకోసారి ఆ కాగితం మారుస్తారు, ఇప్పటికి నాలుగుసార్లు మార్చారు. ఈసారిది మార్చి ముప్పై ఒకటి దాకా ఉంది. ఎప్పుడూ ఆఖరి వారంలోనే వస్తుంది కాబట్టి బెంగ లేదు.

నీ కోతబల్ల కింది మనిషి,
గుండీ

—

మార్చి 10

ఏమే గుండీ,

ఉత్తరం అందింది. కిటికీ కొలిచావు బాగానే ఉంది, మరి మిషను కాళ్ళు తగలకుండా ఎదురుగా కుర్చీకి చోటు వదిలావా? అది కూడా కొలిచి రాయి.

ఆర్నెల్లకోసారి పొడిగించడమేమిటే! ఎదిగే పిల్ల గౌనుకి అడుగున మడతలు పెట్టి, ఏటా ఒక మడత విప్పినట్టుంది నీ ఉద్యోగం. నాలుగుసార్లు విప్పారంటున్నావు. ఇంకా ఎన్ని మడతలున్నాయో గౌను కుట్టినవాడికైనా తెలుసా? ఈ ఏజెన్సీ మనిషి ఎలాంటివాడు? పెళ్ళిళ్ళ పేరయ్యలాంటివాడైతే మాత్రం రెండు వైపులా అడిగి తెలుసుకో, ఒకవైపు మాట నమ్మకు.

నా సంగతి చెప్తాను. మా కొట్టు యజమాని, గడియారాలాయన, ఏప్రిల్ పదో తేదీకల్లా తేల్చమన్నాడు. పక్కన జిరాక్సు కొట్టు అమ్మాయి నేను ఖాళీ చేస్తే గోడ పగలగొట్టి రెండూ కలిపేసుకుంటానని అడుగుతోందట. నాకేం తొందర లేదు. ఇరవై ఏడేళ్ళ కొట్టు ఇది. నీ కాంట్రాక్టు అయ్యాకే నేను ఆయనకి మాట చెప్తాను. నువ్వు నిలబడకుండా నేనొచ్చి నీ మీద వాలితే, ఇద్దరం కలిసి ఆ తూర్పు కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి.

అయినా నన్ను పిలవాలని పిలుస్తున్నావా, పిలవకపోతే బాగుండదని పిలుస్తున్నావా? మొహమాటం ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త

—

మార్చి 22

అత్తా,

కుర్చీకి చోటుంది. కాళ్ళు చాపుకోవడానికి కూడా ఉంది. మొహమాటం అన్న మాటకి మాత్రం నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఉత్తరం రాయకుండా కూర్చున్నాను, అది నీకు తెలియదు కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు. కొట్టు ఇరవై ఏడేళ్ళదని నాకు లెక్క చెప్పకు.

రెన్యువల్ ఇంకా రాలేదు. మా మేనేజరు మంచివాడు. కనపడినప్పుడల్లా "మీరు లేకపోతే మాకు ఎలాగండీ, అది ఖాయం" అంటాడు. ఏజెన్సీ అమ్మాయికి వారానికి రెండుసార్లు మెయిలు పెడుతున్నాను. "ప్రాసెస్‌లో ఉంది" అని రాస్తుంది. ఆ రెండు మాటలే, కింద తన సంతకం. నేను ఏది అడిగినా అవే రెండు మాటలు. ఒకసారి పరీక్షకని "మీరు బాగున్నారా?" అని మాత్రమే రాశాను. అప్పుడు మాత్రం "బాగున్నాను, మీరు?" అంది. పాపం, మంచిదే.

ఇంకో సంగతి. వేరే చోట మూడు నెలల పని ఉంది, వస్తావా అని అడిగారు. ఏప్రిల్ ఎనిమిదిలోపు చెప్పాలట. కానీ ఇక్కడ పుస్తకం సగంలో ఉంది. సగం చదివిన నర్సు ఏం చెయ్యాలి? నేను వదిలేసి పోతే మేనేజరుకి మొహం ఎలా చూపించను? ఎవరూ నన్ను తరమడం లేదు కదా, ఆలస్యమే కదా.

పదో తేదీకి ఇంకా చాలా రోజులున్నాయి. నువ్వు గడియారాలాయనతో కాస్త ఆగమని చెప్పు.

కోపం తగ్గిన
గుండీ

—

మార్చి 28

గుండీకి,

రావడం ఇష్టం లేదని నేను ఎప్పుడన్నాను? రాసింది రాసినట్టు చదువుకోమని నాకు చెప్పి నువ్వు లేనిపోనివి చదువుకుంటున్నావు. సరే, పోనియ్.

నీ మేనేజరు మంచివాడన్నావు. మంచివాళ్ళ దగ్గరే జాగ్రత్త. చెడ్డవాడైతే మనమే కాగితం అడుగుతాం. నా చీటీలు గుర్తున్నాయా? ప్రతి గుడ్డకీ ఒక చీటీ, ప్రతి చీటీకీ నాలుగు గళ్ళు. ఎవరిది, ఏమిటి, కొలతలు, ఇచ్చే తేదీ. నాలుగో గడి ఖాళీగా ఉంటే అది చీటీ కాదు, చిత్తుకాగితం. చీటీ రాయకుండా నేను గుడ్డ మీద సుద్ద గీత కూడా గీయను. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి రాయలేదు. మన స్కూలు హెడ్మాస్టరు కోటు. అంత పెద్దమనిషిని ఏం అడుగుతాంలే అని కొలతలు తీసుకుని కోసేశాను. కుట్టాక వచ్చి, "నేను నలుపు చెప్పానమ్మా, ఇది నీలం" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేనూ తప్పు వినలేదు. మధ్యలో కాగితం లేదు, అంతే. ఆ కోటు వానాకాలంలో నేనే వేసుకుంటున్నాను, చేతులు పొడవు.

ఖాయం అన్నాడు, ప్రాసెస్ అంది అని ఊరుకోకు. సంతకం ఎవరు పెట్టాలి, ఎప్పుడు పెడతారు, అది అడుగు. నాలుగో గడి నింపించు.

నీ గురించే ఆలోచిస్తూ,
అత్త

—

ఏప్రిల్ 1

అత్తా,

కార్డు మీద నాలుగు ముక్కలు. నిన్న కాంట్రాక్టు అయిపోయింది. మేనేజరు నవ్వుతూనే మాట్లాడాడు. ఈ రోజు కూడా ఆఫీసుకి వెళ్తున్నాను, పని ఎప్పట్లాగే. నువ్వేం కంగారు పడకు. బస్సు వచ్చేస్తోంది, వివరంగా తర్వాత రాస్తాను.

గుండీ

—

ఏప్రిల్ 6

నా బంగారు గుండీ,

కార్డు నిన్న వచ్చింది. అయిపోయిందన్న మాట చూడగానే చేతిలో కత్తెర కింద పెట్టేశాను. ఎన్నాళ్ళకి చల్లని మాట రాశావే! నేను ఏజెన్సీ వాళ్ళని అనవసరంగా ఆడిపోసుకున్నాను. ఆ ప్రాసెస్ అమ్మాయికి నా తరఫున ఒక మంచిమాట చెప్పు.

కార్డు పట్టుకుని అప్పటికప్పుడే గడియారాలాయన దగ్గరికి వెళ్ళాను. పదో తేదీ దాకా ఎందుకు, ఆడదాని మాట గడియారం కన్నా ముందుంటుందని తెలియాలి కదా ఆయనకి. ఖాళీ చేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టేశాను. నెలాఖరుకి తాళం ఇచ్చెయ్యాలి. జిరాక్సు అమ్మాయి సంతోషం చూడాలి. ఇప్పుడే వచ్చి గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుని పోయింది.

పాత మిషను ఎదురింటి కోడలికి ఇచ్చేస్తున్నాను. కొత్తది నాతో తెచ్చుకుంటాను. తీసుకున్న బట్టలన్నీ ఇరవై ఐదుకల్లా కుట్టి ఇచ్చేస్తాను, కొత్తవి తీసుకోవడం మానేశాను. ఒకావిడ గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, తన చంక దగ్గర బిగుతు లేకుండా ఇంకెవరూ కుట్టలేరట. నాకూ కాస్త గుండె బరువెక్కింది. కానీ కాసేపే.

ఆ కిటికీకి కర్టెన్లు ఉన్నాయా? వెడల్పు, పొడవు రాయి. రంగు మాత్రం నేనే చూస్తాను, నీకు రంగులు తెలియవు.

త్వరలో నీ ఎదురుగా కూర్చుని మాట్లాడబోయే
అత్త

—

ఏప్రిల్ 9

అత్తా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, కోపమా? వివరంగా రాస్తానని ఇన్నాళ్ళు రాయలేదు, రాయడానికి ఏమీ లేక.

కాగితం లేకుండా తొమ్మిది రోజుల నుంచి పని చేస్తున్నాను. ఒకటో తేదీ పొద్దున్న గేటు దగ్గర నా కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. మిషన్‌కి తెలుసు నా గడువు తీరిందని, మనుషులకే తెలియనట్టుంది. అప్పట్నుంచి రోజూ సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, చొక్కాకి స్టిక్కరు అంటించుకుని లోపలికి వెళ్తున్నాను. ఆ పుస్తకంలో "వచ్చిన పని" అని ఒక గడి ఉంది. మొదటి రోజు ఏం రాయాలో తెలియక "పని" అని రాశాను. సెక్యూరిటీ ఆయన చూసి, "ఏం పనమ్మా?" అన్నాడు. రెండేళ్ళుగా నన్ను పలకరించే మనిషి. "నా పనేనండీ" అన్నాను. ఇద్దరం నవ్వాం.

నువ్వు చెప్పినట్టు అడిగాను, సంతకం ఎవరిది, ఎప్పుడు అని. మేనేజరు "రేపు" అన్నాడు. తొమ్మిది రోజులుగా అది రేపే. నిన్నటితో ఆ రెండో చోటి గడువు తీరింది. రాలేనని చెప్పాను. చెప్పిన అరగంటకి మేనేజరు వచ్చి "రేపు తప్పకుండా" అన్నాడు. ఏడుపొచ్చింది అత్తా.

ఒక్కటి మాత్రం చెయ్యి. నువ్వు కొట్టు వదలకు. గడియారాలాయనకి ఇంకో ఏడాదికి సంతకం పెట్టెయ్. ఈ ఉత్తరం పదో తేదీ దాటాక అందుతుందని తెలుసు, ఆయన నాలుగు రోజులు ఆగకపోడు. నా సంగతి తేలాక చూద్దాం.

స్టిక్కరు మనిషి,
గుండీ

—

ఏప్రిల్ 12

అత్తా,

నీ ఆరో తేదీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. ఎన్నిసార్లు చదివానో.

అయిపోయింది అంటే కుదిరిందని కాదు అత్తా. గడువు తీరిపోయిందని. కాంట్రాక్టు లేదు. కొత్తది రాలేదు. నువ్వు దాన్ని పట్టుకుని ఇరవై ఏడేళ్ళ కొట్టు రాసిచ్చేశావు!

చదివిన వెంటనే జిరాక్సు అమ్మాయికి ఫోను చేసి నిన్ను పిలిపించాను. నేను "కాంట్రాక్టు అవ్వలేదు, కొట్టు వదలకు" అని అరుస్తుంటే నువ్వు "సరే సరే, కర్టెన్లు నేనే కుడతాను" అన్నావు. ఆఫీసు మెట్ల మీద నిలబడి అందరూ చూస్తుండగా మూడుసార్లు అరిచాను. నువ్వు మూడోసారి "నీలమే బాగుంటుంది" అని పెట్టేశావు.

తప్పు నాదే. ఒక మాటకి ఒకటే అర్థం ఉండాలని పొద్దున్న లేస్తే ఊరందరికీ చెప్పే మనిషిని, నీకు మాత్రం బస్సు వస్తోందని రెండర్థాల మాట రాసి పడేశాను. నేను వచ్చి గడియారాలాయన కాళ్ళు పట్టుకోనా? జిరాక్సు అమ్మాయితో మాట్లాడనా? గోడ ఇంకా పగలగొట్టలేదు కదా? వెంటనే రాయి.

క్షమించు.
గుండీ

—

ఏప్రిల్ 17

గుండీ,

నీ తొమ్మిదో తేదీది, పన్నెండో తేదీది, రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. రెండో ఉత్తరం చదివి కార్డు మళ్ళీ తీశాను. అయిపోయింది. పెళ్ళి అయిపోయిందన్నా, పప్పు అయిపోయిందన్నా అదే మాట. ఒకటి శుభం, ఒకటి ఖాళీ డబ్బా. చదువుకున్న పిల్లవి, ఇదా రాయడం? అని తిట్టుకున్నాను. ఆ రోజు కత్తెర పట్టుకోలేదు.

మర్నాడు కోపం చల్లారాక నాలో నేను నిజం మాట్లాడుకున్నాను. "నువ్వేం కంగారు పడకు" అని కూడా రాశావు కదా కార్డులో. కాంట్రాక్టు కుదిరితే కంగారు దేనికే? ఆ ముక్క నేను చదివాను, చదివి దాటేశాను. నాకు కావలసినట్టు చదువుకున్నాను. ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా మిగతా సగం కల్పించుకుంటానన్నమాట.

ఎందుకంటావా? ఈ ఏడాదిలో రెండుసార్లు ఎడమ ముందుభాగం అనుకుని కుడిది కోశాను. కొత్త గుడ్డ కొని తెచ్చి ఎవరికీ తెలియకుండా కుట్టిచ్చాను. బొటనవేలు పొద్దుటిపూట మడత పడదు. కొట్టు ఎలా వదలాలో తెలియక, ఎవరైనా వదిలిస్తే బాగుండునని కూర్చున్నాను. అంతకన్నా అసలు సంగతి, నాకు నీ దగ్గర ఉండాలని ఉందే. ఆ మాట నేను నోటితో చెప్పలేను. నువ్వు పిలిస్తే మొహమాటమా అని వంకర ప్రశ్న వేశాను. అది మాత్రం నా తప్పు.

కొట్టు పోయింది, దాని గురించి ఏడవకు. గోడకి నిన్ననే పెద్ద కన్నం పెట్టారు. అందులోంచి జిరాక్సు అమ్మాయి తల పెట్టి, "ఓ మూల మీ మిషను ఉంచుకోండి అత్తయ్యా" అంది. అది కూడా ఉంది చేతిలో.

ఇప్పుడు నీ సంగతి. రేపట్నుంచి ఆ పుస్తకంలో సంతకం పెట్టకు. నువ్వు వెళ్తున్నంత కాలం వాళ్ళకి కాగితం అవసరం ఏముంది? చీటీ లేకుండా కుడుతూ పోతుంటే ఎవరైనా చీటీ రాయించుకుంటారా? నేను చెప్పేది రాసి, ఏజెన్సీకీ మేనేజరుకీ ఇద్దరికీ ఒకే దాంట్లో పంపు. ఇద్దరికీ ఒకటే, మర్చిపోకు:

"ఒకటో తేదీ నుంచి కాగితం లేకుండా పని చేశాను. రేపట్నుంచి కాగితం వచ్చేదాకా చెయ్యను. అందులో మొదటి రోజు ఒకటో తేదీ అని ఉండాలి. సంతకం ఎవరిది, ఏ రోజు, రాసి పంపండి."

నీ మర్యాదలన్నీ దీని ముందూ వెనకా తగిలించుకో. మధ్యలో మాత్రం ఒక్క మాట మార్చకు.

అత్త

—

ఏప్రిల్ 25

అత్తా,

నీ నాలుగు వాక్యాలూ ఇరవై ఒకటిన పంపాను. ముందొక నమస్కారం, వెనకొక ధన్యవాదం తగిలించాను. మధ్యలో ముట్టుకోలేదు. ఇరవై రెండున వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని తూర్పు కిటికీ వెడల్పు, పొడవు కొలిచాను.

ఇరవై మూడున మేనేజరు ఫోను చేశాడు. తిడతాడేమో అనుకున్నాను, క్షమించమన్నాడు. జరిగిందేమిటో వింటే నవ్వుతావో తల కొట్టుకుంటావో. ఏజెన్సీ వాళ్ళు కంపెనీ సంతకం కోసం ఆగారట. కంపెనీ వాళ్ళు ఏజెన్సీ నుంచి కాగితం వస్తుందని ఆగారట. ఒకరినొకరు అడక్కుండానే ఇద్దరూ "మా వైపు అయిపోయింది" అనుకున్నారట. అదే మాట అత్తా! తమ వైపు పని పూర్తయిందని ఏజెన్సీ, తమ చేతిలో ఇంకేం లేదని కంపెనీ. మూడు వారాలు నా కాగితం ఎవరి బల్ల మీదా లేదు. నీ ఉత్తరం ఇద్దరికీ ఒకేసారి వెళ్ళింది కాబట్టి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నిన్న కాగితం వచ్చింది. మొదటి రోజు ఏప్రిల్ ఇరవై నాలుగు అని ఉంది. అంటే నేను స్టిక్కరు పెట్టుకుని చేసిన మూడు వారాలూ జరగనే లేదన్నమాట. ఇదివరకటి గుండీ అయితే, వచ్చిందే చాలని సంతకం పెట్టేది. పెట్టలేదు. తిప్పి పంపాను. నా సాక్ష్యానికి గేటు దగ్గర పుస్తకం ఉందని, రోజూ "పని" అని రాసి సంతకం పెట్టానని చెప్పాను. ఈ రోజు మధ్యాహ్నం ఒకటో తేదీ వేసి పంపారు. ఇకమీద గడువుకి నెల ముందే అవునో కాదో చెప్పాలని కూడా రాయించాను. ఇప్పుడు పెట్టాను సంతకం.

కానీ అత్తా, ఈసారి ఆర్నెల్లు కాదు, మూడు నెలలే. జూన్ ఆఖరు దాకా. ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదు. నీకు ఏదీ దాచి రాయను ఇక. జిరాక్సు అమ్మాయి మూల ఇస్తానంటోంది కాబట్టి, మూడు నెలల మనిషిని నమ్ముకుని రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు. రావాలని మాత్రం నాకు చాలా ఉంది. మొహమాటం లేదు. నువ్వు లేకుండా ఆ గదిలోకి వెళ్తే నా చప్పుడే నాకు వినపడుతోంది. ఆలోచించి నువ్వే చెప్పు.

పంపు పుస్తకంలో "అయిపోయింది" అని ఉన్న చోటల్లా ఇవాళ కొట్టేశాను. పదకొండు చోట్ల ఉంది. కొన్ని చోట్ల "పూర్తయింది" అని, కొన్ని చోట్ల "ఖాళీ" అని రాశాను.

కిటికీ వెడల్పు నాలుగడుగులు, పొడవు నాలుగున్నర.

నీ
గుండీ

—

ఏప్రిల్ 29

గుండీ,

ఉత్తరం అందింది. తేదీ సరిగ్గా లేదని కాగితం తిప్పి పంపావే, ఆ ముక్క జిరాక్సు అమ్మాయికి చదివి వినిపించాను. గడియారాలాయనకి కూడా. ఎదురింటి కోడలు వినలేదు కాబట్టి తనకి మళ్ళీ చదివాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పదిమంది ఉన్నారు. చీటీ రాయడం మాత్రం గుండీలు ఏరుకునే పిల్లకే వచ్చింది.

మూడు నెలలంటావు. నేను మూడు రోజుల గడువు మీద పెళ్ళివారి బట్టలు కుట్టినదాన్ని. నీ కాగితం మారుతుంటుంది, మారకపోతే ఇంకోటి వెతుక్కుంటావు. నీ కాంట్రాక్టు అయ్యాకే వస్తానని మార్చిలో షరతు పెట్టాను చూడు, అది తెలివితక్కువ షరతు. అది నీ ఏజెన్సీ వాళ్ళ కాగితంతో ముడిపెట్టాల్సిన పని కాదు.

మూల వద్దన్నాను ఆ అమ్మాయికి. కర్టెన్లు కోసేశాను. నీలమే. హెడ్మాస్టరు కోటు రంగే, పాతది విప్పి కుట్టానని మాత్రం అనుకోకు. చీటీల పుస్తకంలో ఆఖరి చీటీ నీకు పంపుతున్నాను, జాగ్రత్తగా దాచుకో.

ఎవరిది: గుండీది.
ఏమిటి: అత్త ఒకటి, కుట్టు మిషను ఒకటి, కర్టెన్లు రెండు. మే ఐదు మధ్యాహ్నం బండికి దిగుతాయి.
కొలతలు: తూర్పు కిటికీ కింద పట్టేటంత.
ఇచ్చే తేదీ:

నాలుగో గడి నింపడం మర్చిపోయాననుకునేవు. మర్చిపోలేదు, ఈ సరుకు తిరిగి ఇచ్చేది కాదు.

అత్త